నగర రవాణాలో సౌందర్య దృష్టి

హైదరాబాదు నగరంలో మెట్రో రైలు 2017 నవంబరు 29వ తేదీ నుంచి ప్రజల రాకపోకలకు నడవసాగింది. మొదట మియాపూరు నుంచి అమీరుపేట మీదుగా నాగోలు దాకా సుమారు 30 కిలోమీటర్లు మాత్రమే ఉన్న మార్గం దశలవారీగా పెరిగి, 2020 ఫిబ్రవరి 7న జూబిలీ బస్ స్టేషను, మహాత్మాగాంధీ బస్ స్టేషనుల మధ్య మార్గం తెరిచేనాటికి మూడు శాఖలుగా సుమారు 69 కిలోమీటర్లయినది. ఇది నేలమీద నడిచే రైలు కాదు. సొరంగంలో పోయేదీ కాదు. రోడ్డు నడిమధ్య వరుసగా నిలిపిన కాంక్రీటు స్తంభాలపై కట్టిన దారిలో పోతుంది. అందుచేత ఆ రైలు ఒక్కనాడైనా ఎక్కనివారు సైతం దానిని ప్రతిదినమూ చూడక తప్పదు. దాని కింద నడవక తప్పదు. దాని పక్కన వ్యాపారం చేసుకోక తప్పదు.

ఇంత పెద్ద కట్టడం నగరంలోకి వచ్చినప్పుడు దాని అందచందాలను గురించి వాదోపవాదాలు చెలరేగడం సహజమే. పని జరుగుతూండగా 2014లో ఈ వాదం ముదిరినది. శాసనసభ ముందరా, సుల్తాన్ బజారులోనూ రైలు నేలకిందుగా పోవాలని రాష్ట్ర ప్రభుత్వమే కోరింది. చివరకు రెండుచోట్లా స్తంభాలమీదనే మార్గం పూర్తి అయినది. చారిత్రక నగరం రూపు చెడిపోతున్నదని ఒక పక్షం వారు వాపోయారు. ట్రాఫిక్కులో ఊపిరాడక జనం అల్లాడుతూ ఉంటే అందం మాట ఎందుకని రెండవ పక్షం వారు కోప్పడ్డారు. తరచి చూస్తే ఈ రెండు పక్షాలూ ఒక విషయంలో ఏకీభవించినవే. అందమంటే పని ముగిసిన తరువాత పైన పూసే పూత అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకరు ఆ పూత కావాలన్నారు, మరొకరు ఆ ఖర్చు దండుగ అన్నారు, అంతే తేడా.

రవాణా విషయంలో ఈ అభిప్రాయం పొరపాటు. ఎందుచేత పొరపాటో తెలుసుకోవడానికి కళాశాస్త్రంతో పనిలేదు. కొంత భౌతికశాస్త్రమూ, కొంత మనస్తత్వశాస్త్రమూ చాలును.

ఉక్కు పట్టాపై ఉక్కు చక్రం దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం చాలా స్వల్పం. ఒక టన్ను బరువును సమతలంపై కదులుతూ ఉంచడానికి రైలుకు ఒకటి రెండు కిలోల బలం సరిపోగా, రోడ్డుపై రబ్బరు చక్రాలతో పోయే బండికి సుమారు పది కిలోల బలం కావాలి. పైగా విద్యుత్ రైలు ఆగేటప్పుడు దాని మోటారే జనరేటరుగా పనిచేసి కొంత విద్యుత్తును తీగకు తిరిగి ఇస్తుంది. రైలు పొదుపు అనీ, వాయుకాలుష్యం తగ్గిస్తుందనీ చెప్పే మాటలన్నిటికీ ఇవే ఆధారాలు. కాని ఈ లెక్క పెట్టెలు నిండినప్పుడే నిజమవుతుంది. నలుగురితో పోయే రైలు కంటె నలుగురిని మోసే ఆటో మేలు. కావున రైలు ఆదా చేసే శక్తి అంతా ఒక షరతుపై ఆధారపడి ఉన్నది. సొంత మోటారు సైకిలు గల మనిషి దానిని ఇంటివద్ద వదిలి, ఎవరూ బలవంతం చేయకుండా రైలు ఎక్కాలి. ఒక్కనాటి వేడుకగా కాదు, ఏళ్ళ తరబడి ఎక్కాలి.

ఆ మనిషి ప్రయాణం స్టేషనులో మొదలుకాదు; ఇంటి గడపలో మొదలవుతుంది. గల్లీ దాటి పెద్దరోడ్డుకు రావడం, రోడ్డువెంట నడవడం, మెట్లెక్కడం, బండి కోసం ఎదురుచూడడం, దిగిన తరువాత మళ్ళీ నడవడం, ఇవన్నీ అందులో భాగాలే. రైలులో కూర్చున్న పది నిమిషాలూ, ఎండలో నిలబడిన పది నిమిషాలూ గడియారానికి సమానం. మనిషికి సమానం కావు. రవాణా ప్రణాళికలు వేసేవారికి ఈ సంగతి తెలియనిది కాదు. నడకకూ, నిరీక్షణకూ పట్టే కాలాన్ని బండిలో గడిచే కాలానికి దాదాపు రెట్టింపుగా లెక్కకట్టడం వారి వృత్తిలో చిరకాలంగా ఉన్న ఆచారమే.

ఈ విషయంలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రకటించిన పరిశోధనలు గమనించదగినవి. ప్రయాణికులు బస్సు స్టాపులలోనూ, రైలు స్టేషనులలోనూ నిజంగా ఎంతసేపు నిరీక్షించినదీ వీడియో కెమెరాలతో కొలిచి, "ఎంతసేపు నిలబడ్డా"రని వారినే అడిగి, రెండు లెక్కలనూ పోల్చి చూశారు. కూర్చోవడానికి బల్లగాని, నీడగాని, బండి ఎప్పుడు వస్తుందో తెలిపే పలకగాని లేనిచోట జనం తాము నిలబడిన కాలాన్ని ఉన్నదానికంటె నూటికి సుమారు 30 వంతులు ఎక్కువగా చెప్పారు. ఆ సదుపాయాలు ఉన్నచోట ఈ భ్రమ తగ్గిపోయింది. భద్రత లేదని తోచిన పరిసరాలలో పది నిమిషాలు దాటి నిలబడవలసి వచ్చిన స్త్రీలకు ఆ కాలం మరీ దీర్ఘంగా తోచింది. అక్కడివారే చేసిన మరొక పరిశోధనలో, వాహనాల రద్దీ, పొగ ఎక్కువగా ఉన్నచోట నిరీక్షణ దీర్ఘంగా కనిపించగా, ఏపుగా పెరిగిన చెట్లున్నచోట అది కురుచయినట్లు తేలింది. రైళ్ళ సంఖ్య పెంచి, అనగా కోట్లు పోసి, నిరీక్షణను రెండు నిమిషాలు తగ్గించవచ్చును. ఒక చెట్టు కూడా అందులో కొంత పని చేయగలదని ఈ పరిశోధన సారాంశం. అందం ఎంతవరకు అలంకారం, ఎంతవరకు యంత్రభాగం అనే ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

హైదరాబాదును బేరీజు వేసే ముందు, ఈ ప్రశ్నను మనకంటె ముందు ఎదుర్కొన్న రెండు నగరాల చరిత్ర చూడవలసి ఉన్నది. స్తంభాలమీది రైలును ముందుగా విస్తారంగా కట్టిన నగరం న్యూయార్కు. రైలుకు రూపం కల్పించడం ఒక శాస్త్రంగా సాధించిన నగరం లండను.

న్యూయార్కులోని ఆరవ ఎవెన్యూపై ఎత్తు రైలుమార్గం 1878లో తెరిచారు. రెండవ, మూడవ, తొమ్మిదవ ఎవెన్యూలమీద కూడా అటువంటివే ఉండేవి. మొదట ఆవిరి ఇంజనులు లాగేవి. 1903 నాటికి విద్యుత్తు వచ్చింది. ఇవి జనాన్ని బాగానే మోశాయి. కాని కింది వీధి చీకటి గుయ్యారమైనది. ఉక్కు దూలాల చప్పుడు, పైనుంచి పడే బూడిద, నూనె చుక్కలు మొదటి అంతస్తులలో నివసించేవారి బ్రతుకును దుర్భరం చేశాయి. ఆ వీధులలో ఆస్తుల విలువ పడిపోయింది. యజమానులు ఏళ్ళ తరబడి పోరాడి, ఆరవ ఎవెన్యూ మార్గాన్ని 1938 డిసెంబరులో మూయించారు. మరుసటి సంవత్సరం దానిని పడగొట్టారు. తక్కినవి ఒక్కొక్కటే పోయి, మన్‌హాటన్‌లో ఆఖరిదైన మూడవ ఎవెన్యూ మార్గం 1955 మే నెలలో ఆగిపోయింది.

ఆరవ ఎవెన్యూ కింద 1940లోనే సొరంగపు రైలు వచ్చింది. తూర్పు భాగం వారికి అటువంటి అదృష్టం లేకపోయింది. రెండవ ఎవెన్యూ కింద సొరంగం తవ్వుతామని అధికారులు 1920ల నుంచీ చెబుతూనే ఉన్నారు. దానిలో మొదటి భాగం, మూడే కొత్త స్టేషనులతో, 2017 జనవరి 1న తెరుచుకున్నది. అంటే మూడవ ఎవెన్యూలో నడిచే రైలును పోగొట్టుకున్న ప్రజలు 61 సంవత్సరాలు కాచుకున్నారన్న మాట. ఆ మార్గాలు మూతపడడానికి ప్రయాణికుల సంఖ్య తగ్గడమూ ఒక కారణమే గాని, వీధిలోని జనం దానిని అసహ్యించుకోకపోయి ఉంటే అంత తొందరగా కూల్చివేత జరిగేది కాదు. "చిరకాలం మన్నే రవాణా" అనేటప్పుడు కాంక్రీటు ఎన్నేళ్ళు నిలుస్తుందని మాత్రమే చూస్తే చాలదని ఈ కథ చెబుతుంది. కాంక్రీటుకు ఆయువు ఉండవచ్చును. దానిని భరించే ఓర్పు వీధికి ఉండాలి కదా.

లండను కథ వేరు. అక్కడి భూగర్భ రైళ్ళలో లెస్లీ గ్రీన్ అనే వాస్తుశిల్పి 1906-07 ప్రాంతంలో కట్టిన స్టేషనులకు వెలుపల ఎర్రటి మెరుగు పలకలు తాపించాడు. లోపల ప్లాట్‌ఫారాలమీద ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క రంగులో, ఒక్కొక్క తీరులో పింగాణీ పలకలు అమర్చాడు. చూడడానికి ముచ్చటగా ఉన్న ఆ పలకలకు మరొక పని కూడా ఉన్నది. రోజూ పోయేవాడు పేరు చదవకుండానే, కిటికీలోనుంచి గోడ రంగు చూచి తన స్టేషనును గుర్తుపట్టగలడు.

ఆ సంస్థలో 1906లో చేరిన ఫ్రాంక్ పిక్ అనే ఉద్యోగి ఈ దృష్టిని ఒక పద్ధతిగా మలచాడు. అప్పటికి ప్లాట్‌ఫారం గోడలు పైనుంచి కిందివరకు వ్యాపార ప్రకటనలతో నిండి ఉండేవి. వాటి నడుమ స్టేషను పేరు ఎక్కడున్నదో వెతుక్కోవలసి వచ్చేది. ప్రకటనలకు వేరే చోటు కేటాయించి, పేరు చుట్టూ ఖాళీ జాగా విడిచి, పేరు వెనుక ఎర్రని గుండ్రని బిళ్ళ పెట్టే ఏర్పాటు 1908లో మొదలైనది. ఎంత దూరం నుంచైనా చదవగలిగే అక్షరాలు కావాలని ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే లేఖనకళాకారుణ్ణి పిక్ కోరాడు. 1916లో ఆ అక్షరాలు వచ్చాయి. మంచి చిత్రకారుల చేత పోస్టర్లు వేయించాడు. ఆ పోస్టర్లు ఆదివారాలలోనూ, పని వేళలు కానప్పుడూ పల్లెటూళ్ళకూ, ఉద్యానాలకూ పోదాం రమ్మని పిలిచేవి. ఎందుకనగా ఆ వేళలలో రైళ్ళు ఖాళీగా పోయేవి! పిక్ కళాపోషకుడే, అయితే మొదట లెక్కలు తెలిసిన రవాణా అధికారి.

1930లో అతడూ, చార్లెస్ హోల్డెన్ అనే వాస్తుశిల్పీ ఐరోపాలోని కొత్త కట్టడాలు చూచి వచ్చారు. ఆ తరువాత పికడిల్లీ మార్గంపై హోల్డెన్ కట్టిన స్టేషనులలో 1932 నాటి ఆర్నోస్ గ్రోవ్ పేరుగాంచినది. గుండ్రని ఇటుక గోడ, దాని పైభాగమంతా ఎత్తైన కిటికీలు. పగలు లోపలికి వెలుతురు వస్తుంది. రాత్రి లోపలి దీపాల కాంతి బయటికి వచ్చి, స్టేషనే ఒక పెద్ద లాంతరులా దారి చూపుతుంది.

అందం పనికి వస్తుందన్న మాట నిజమైతే, అది తప్పుదారి కూడా పట్టించగలదన్న మాటా నిజమే. లండను రైలు పటం ఇందుకు దృష్టాంతం. హ్యారీ బెక్ అనే చిత్తుపటాల గుమాస్తా 1931లో గీసిన ఈ పటంలో మార్గాలన్నీ అడ్డంగానో, నిలువుగానో, 45 డిగ్రీల వాలులోనో మాత్రమే పోతాయి. క్రిక్కిరిసిన నగర మధ్యభాగాన్ని పెద్దదిగా సాగదీసి, దూరాన ఉన్న శివార్లను దగ్గరకు లాగాడు. నేలమీది దూరాలతో దీనికి పొత్తు లేదు. అధికారులు మొదట వద్దన్నారు. 1933 జనవరిలో అచ్చువేసి పంచగా జనం ఎగబడి తీసుకున్నారు. నేటికీ ప్రపంచంలోని మెట్రో పటాలలో అధికభాగం ఆ బాణీలోనివే. అయితే న్యూయార్కు విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ గువో లండను ప్రయాణికుల మార్గాలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితం విచిత్రమైనది. దారి ఎంచుకునేటప్పుడు నిజంగా పట్టే కాలం కంటె పటంలో కనబడే పొడవు దాదాపు రెండు రెట్లు ఎక్కువ ప్రభావం చూపుతున్నదట. రోజూ పోయేవారు సైతం అనుభవం కంటె పటాన్నే నమ్ముతున్నారు. ఇంతటి బలం గల సాధనాన్ని చివరి నిమిషంలో అలంకరణ విభాగానికి వదిలివేయడం ఎంత సాహసమో దీనినిబట్టి ఊహించవచ్చును.

ఇక హైదరాబాదు. ముందుగా మెచ్చుకోవలసినవి మెచ్చుకోవాలి. ఇక్కడి స్టేషనులలో చాలావాటికి రోడ్డు అంచుల దాకా కాళ్ళు లేవు. రోడ్డు మధ్య ఒకే వరుస స్తంభాలమీద వెన్నెముక వంటి నిర్మాణం నిలిపి, దానికి ఇరుపక్కలా రెక్కలవలె ప్లాట్‌ఫారాలను చాచారు. బరువు ఎక్కడినుంచి ఎక్కడికి దిగుతున్నదో చూచేవాడి కంటికి తెలుస్తుంది. ఇటువంటి కట్టడంలో అందం విడిగా తెచ్చిపెట్టినది కాదు, లెక్కలోనుంచే పుట్టింది. ప్లాట్‌ఫారాలు గాలికి తెరచి ఉండడమూ మంచిదే. న్యూయార్కు ఉక్కు మార్గాలతో దీనిని పోల్చి భయపడవలసిన పనీ అంతగా లేదు. ఇక్కడి దూలాలు లోపల బోలుగా ఉన్న కాంక్రీటు పెట్టెలు. రివెట్లు కొట్టిన ఉక్కు జాలీలాగా అవి మోగవు. పొగ, బూడిద మాట లేనే లేదు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అనే మూడు రంగులతో మార్గాలను గుర్తించే ఏర్పాటు చదువురానివారికి కూడా ఉపయోగపడుతుంది. రోడ్డుకు ఇరువైపులా మెట్లు ఉండడంచేత రైలు ఎక్కనివారు సైతం స్టేషనులోనుంచి రోడ్డు దాటగలరు. ఇవి చిన్న సంగతులు కావు.

కాని ఈ మెప్పు అంతా తల ఎత్తి చూచేవాడిది. లేదా దూరాన మేడమీదనుంచి ఫోటో తీసేవాడిది. తల దించుకుని నడిచేవాడి వంతు వచ్చేసరికి మాట మారుతుంది.

నీడనే తీసుకుందాము. మన ఎండలలో నీడ కంటె పెద్ద సౌకర్యం లేదు. కిలోమీటర్ల పొడవున రోడ్డుకు పైకప్పు వేసినట్లు ఒక కాంక్రీటు దారి వచ్చినప్పుడు నడిచేవాడికి మేలు కలగాలి. అయితే ఆ నీడ ఎక్కడ పడుతున్నదో లెక్కకట్టి చూడాలి. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. మే 9వ తేదీ ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3వ తేదీ ప్రాంతంలో మరొకసారి మధ్యాహ్నం 12 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు; నిలువు వస్తువులకు నీడ కనబడదు. ఆ సమయంలో మెట్రో దారి నీడ నిట్టనిలువుగా దాని కిందనే, అనగా రోడ్డు మధ్య స్తంభాలమీదా, వాటి పక్కన పోయే కార్లమీదా పడుతుంది. దారి ఎత్తు 12 మీటర్లనుకుంటే, తూర్పుపడమరలుగా పోయే రోడ్డుపై మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 వరకు మధ్యాహ్నపు నీడ నడిమి గీతనుంచి నాలుగు మీటర్లకు మించి జరగదు. అది కాలిబాట దరిదాపులకు పోదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు అదే నీడ పది మీటర్లకు పైగా ఉత్తరానికి జరిగి ఆ పక్క కాలిబాటను సమీపిస్తుంది. ఎండ కావాలనిపించే నెలలో నీడ, నీడ కావాలనిపించే నెలలో ఎండ!

ఉత్తరదక్షిణాలుగా పోయే రోడ్ల పరిస్థితి కొంత మేలు. మే నెల ఉదయం 9 గంటల ప్రాంతంలో ఆ నీడ సుమారు 11 మీటర్లు పడమరకు చాచుకుంటుంది; సాయంకాలం తూర్పుకు పోతుంది. కాని మండుటెండ వేళకు అది కూడా మధ్యకు చేరుకుంటుంది.

ఇది ఎవరి నేరమూ కాదు, సూర్యగమనం అటువంటిది. విమర్శ మరొకచోట ఉన్నది. నీడ పడే నడిమి భాగాన్ని వాహనాలకు ఇచ్చి, ఎండ పడే అంచులను మనుషులకు వదిలినప్పుడు, ఆ అంచులలో నీడ కల్పించడం రైలు పనిలో భాగమే అవుతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందుగా పోయేది అంచుల్లోని చెట్టు. పైన చెప్పిన పరిశోధన ప్రకారం నిరీక్షణను కురుచ చేసేది అటువంటి చెట్టే. స్టేషనుకు అయిదు వందల మీటర్ల లోపల కాలిబాటలపై ఎన్ని చెట్లు ఉన్నవి, మధ్యాహ్నం ఎంత దూరం నీడలో నడవవచ్చును అనే కొలతలు ప్రయాణికుల అంచనాలతో సమానంగా పథక నివేదికలలో ఉండవలసినవి. కొన్ని స్టేషనుల కింద కాలిబాటలు చదునుచేసి, మొక్కలు నాటి, చక్కదిద్దిన మాట వాస్తవం. అక్కడ నడిచి చూచినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. కాని ఆ చక్కదనం స్టేషను నీడ దాటగానే ముగిసిపోతుంది. పాత కాలిబాట మొదలవుతుంది: ఒకచోట ట్రాన్స్‌ఫార్మరు, ఒకచోట నిలిపిన మోటారు సైకిళ్ళు, ఒకచోట తెరచిన కాలువ. కాలిబాట ఇరుకైనచోట మెట్లూ, ఎస్కలేటరూ దిగిన తరువాత మిగిలే జాగాలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు రోడ్డుమీదికి దిగవలసిందే. మోటారు సైకిలు ఇంట్లో వదిలి రావాలని మనం కోరుతున్నది ఈ మనిషినే.

ప్రకటనల సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు మెట్రోను ప్రభుత్వమూ, ప్రైవేటు సంస్థా కలిసి చేపట్టాయి. టిక్కెట్ల రాబడి ఒక్కటే చాలదు గనుక స్తంభాలమీద వ్యాపార ప్రకటనలకు చోటిచ్చారు. కొన్ని స్టేషనుల పేర్లకు ముందు వ్యాపార సంస్థల పేర్లు చేర్చే హక్కును కూడా అమ్మారు. రాబడి అవసరమే, పిక్ కూడా ప్రకటనలను నిషేధించలేదు. వాటిని పేరునుంచి వేరుచేశాడు. స్టేషను పేరు దారి చెప్పే సమాచారం. దానికి మరొక పేరు అతికించినప్పుడు ప్రయాణికుడు ఒక మాట చదవవలసినచోట మూడు మాటలు చదవాలి. 1908కి ముందు లండను గోడలమీద ఉన్న చిక్కును మనం డబ్బు పుచ్చుకుని కొని తెచ్చుకోవడం వింతగా తోస్తుంది.

జాన్‌స్టన్ వంటి పని తెలుగులో చేయబూనేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఇమిడిపోతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. రెండు లిపులకూ పలకపై సమానమైన ఎత్తు కేటాయిస్తే, గుడికీ, వత్తుకూ చోటు విడిచిన తరువాత తెలుగు అక్షరపు అసలు ఒడలు ఇంగ్లీషు అక్షరంలో సుమారు సగానికి కుంచించుకుపోతుంది. "లక్డీకాపూల్", "ముషీరాబాద్" వంటి పేర్లలో గుడులూ, వత్తులూ స్పష్టంగా కనబడాలంటే తెలుగు వరుసకు ఎక్కువ ఎత్తు కావాలి. సమానమైన చోటు ఇచ్చామనడం ఇక్కడ సమానంగా చూచినట్లు కాదు. కదిలే రైలు కిటికీలోనుంచి, కళ్ళజోడు మరచి వచ్చిన పెద్దవారికి ఏ దూరం నుంచి పేరు తెలుస్తుందో కొలవడం కష్టమైన ప్రయోగమేమీ కాదు. కళాశాల విద్యార్థులు ఒక వారంలో చేయగలరు.

సుల్తాన్ బజారు, శాసనసభల వివాదానికి తిరిగి వస్తే, అక్కడ అడగవలసిన ప్రశ్న అడగలేదని అనిపిస్తుంది. "రైలు కనబడాలా, దాచాలా" అన్నదే వాదమైనది. దాచడానికి, అనగా నేల కింద కట్టడానికి, స్తంభాలమీద కట్టే ఖర్చుకు రెండు మూడు రెట్లు అవుతుంది గనుక, డబ్బు మాట రాగానే వాదం ముగిసిపోయింది. నిజానికి ఆ రెండు చోట్ల సమస్య ఒకటి కాదు. శాసనసభ వద్ద రోడ్డు విశాలమైనది, పక్కన పబ్లిక్ గార్డెన్సు ఉన్నది; అక్కడ జరిగిన నష్టం చాలావరకు దృశ్యానికి సంబంధించినది. దూరంనుంచి చూచేవారికి తెల్లని గుమ్మటాల ముందు ఒక అడ్డుగీత పడింది. సుల్తాన్ బజారు ఇరుకైన పాత అంగడివీధి. అక్కడ నష్టం వెలుతురుకూ, గాలికీ, కొట్టు ముందు కాసేపు నిలబడే జాగాకూ సంబంధించినది. మొదటిదాన్ని చరిత్రాభిమానులు గట్టిగా చెప్పగలిగారు. రెండవదాన్ని కొట్లవారు తమ బాధగా చెప్పుకున్నారు గాని, దాన్ని అంకెలలో పెట్టి చూపేవారు లేకపోయారు. వీధి వెడల్పు ఎంత, దారి వెడల్పు ఎంత, మిగిలిన ఆకాశం ఎంత, పగటిపూట కొట్లలో దీపం లేకుండా ఎన్ని గంటలు వ్యాపారం సాగుతుంది అనేవి కొలవగల విషయాలే. సౌందర్యం అభిరుచికి సంబంధించినదని చెప్పి ఇంజనీర్లు తప్పుకున్నారు. కొలతలు మా పని కాదని సౌందర్యాభిమానులు తప్పుకున్నారు. నడుమ వీధి మిగిలిపోయింది.

ఈ ప్రశ్న ముగిసినది కాదు. మహాత్మాగాంధీ బస్ స్టేషను నుంచి పాతబస్తీలోకి పోవలసిన భాగం మొదటి దశలో కట్టకుండా ఆగిపోయింది. దానిని ఫలక్‌నుమా దాటి చాంద్రాయణగుట్ట వరకు, సుమారు ఏడున్నర కిలోమీటర్లు, పొడిగించేందుకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగినది. దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా పోయే ఈ దారిలో వీధులు సుల్తాన్ బజారును తలపించేవే. పక్కన మసీదులు, అషుర్‌ఖానాలు, పాత హవేలీలు ఉన్నవి. చార్మినారుకు మార్గం కొంత దూరంగానే పోతుంది గనుక ఆ కట్టడానికి ప్రమాదం లేదని చెప్పి ఊరుకోవడం సులభం. కాని చార్మినారును చూడవచ్చేవారు ఒక పూట ఉండి పోతారు. శాలిబండలో కొట్టు పెట్టుకున్నవాడు ఆ స్తంభం ఎదుట ఇరవై ఏళ్ళు కూర్చుంటాడు.

ఇటువంటి పథకాలకు గీసే చిత్రాలన్నీ సాధారణంగా ఆకాశంనుంచి పక్షి చూచినట్లు ఉంటాయి. కింద పచ్చని చెట్లు, మధ్య మెరిసే రైలు, జనం చీమలంత. పాతబస్తీ భాగం కోసం మరొక చిత్రం కూడా గీయించాలి. నేలకు అయిదడుగుల ఎత్తున, కొట్టు గడపలో నిలబడి, మే 9వ తేదీ మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు ఎదుట ఏమి కనబడుతుందో, నీడ ఎవరిమీద పడుతుందో అందులో చూపాలి. ఆ చిత్రాన్ని స్తంభాలకు గుంతలు తవ్వకముందే ఆ వీధివారి ఎదుట వేలాడదీయాలి.